రాజారత్నం తోకబండి

"ఆ కొక్కెం ఊడిపోతే ఏమవుతుంది మావయ్యా?"

జీపు కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకున్న రాజారత్నం తల బయట పెట్టకుండానే జవాబిచ్చాడు.

"ఊడదమ్మా."

"ఊడితే అంటున్నానండీ."

"ఊడితే అది ఆగిపోద్ది. మనం వెళ్లిపోతాం."

"మన వెనకాల వచ్చేవాళ్లు?"

జీపు కింద పానా చప్పుడు ఆగింది. ముందు గ్రీజు పులుముకున్న చెయ్యి, తర్వాత నెరిసిన తల బయటికి వచ్చాయి. ఆయన లేచి కూర్చుని కోడలి ముఖంలోకి ఒకసారి చూశాడు. వేళాకోళం పనికిరాదని అర్థమైనట్టుంది.

"గొలుసు వేద్దాం. కొక్కెం ఊడినా గొలుసు పట్టుకుంటుంది. సరేనా?"

"గొలుసు తెగితే?"

వంటపాకలో పులుసు దించుతున్న ధనమ్మ పకపకా నవ్వింది. "అడగనీవయ్యా! నీతో కాపరం చేసిన ఇన్నేళ్లలో నేను అడగాల్సినవన్నీ కలిపి ఆ పిల్ల అడుగుతోంది. ఇప్పుడైనా నీ నోట్లోంచి జవాబులు వింటాను."

అడుగుతున్న పిల్ల పేరు క్రిస్టినా. రాజారత్నం తమ్ముడి కొడుకు ఫిలిప్ భార్య. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, చల్లపల్లిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేది. కూతురు బ్లెస్సీ పుట్టాక మానేసింది. బోర్డు మీద ఉన్నన్నాళ్లు జడత్వం, ఘర్షణ, వేగం అన్నవి మర్యాదగా సుద్దముక్క వెంట నడిచాయి. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి అవి ఇంట్లో దూరి తిరగడం మొదలుపెట్టాయి. మంచం చూస్తే దాని ఎత్తు కనిపిస్తుంది. ఆ ఎత్తునుంచి పడే తల కనిపిస్తుంది. పాలగిన్నె ఆవిరి చూస్తే చెయ్యి కాలడం కనిపిస్తుంది. చదువు లేని తల్లికి ఒక భయం ఉంటే, తనకి ఆ భయంతో పాటు దాని లెక్క కూడా ఉంటుందని ఆమె ఒకసారి ఫిలిప్‌తో అంది. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఫిలిప్ అప్పటికి కన్నడ సీమలో సింధనూరు దగ్గర ఉన్నాడు. తుంగభద్ర కాలవల కింద కృష్ణా జిల్లావాళ్లు ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ క్యాంపుల్లో ఒక విత్తనాల కంపెనీకి పని చేస్తున్నాడు. వెళ్లి వానాకాలం, చలికాలం గడిచిపోయాయి. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు బ్లెస్సీ తండ్రిని చూసి ధనమ్మ కొంగు వెనక దాక్కుంది. రెండున్నరేళ్ల పిల్లకి నాన్న అంటే గోడ మీది ఫోటో. ఫోటో మనిషై కదులుతుంటే జడిసింది. ఫిలిప్ ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

అందుకే ఈ ప్రయాణం. తొంభై ఎనిమిది ఫిబ్రవరి. వరి కోతలయిపోయి చేలల్లో మినుము కాయ పట్టే రోజులు. సామానంతా జీపు వెనక ట్రైలరులో వేసి, క్రిస్టినానీ బిడ్డనీ సింధనూరులో దించి వస్తానని రాజారత్నం తనంతట తానే అన్నాడు. బస్సు ఎక్కితే బ్లెస్సీ పామర్రు దాటకముందే వాంతులు మొదలుపెడుతుంది. జీపులో గాలికి కూర్చుంటే పడుకుంటుంది. ఇప్పుడు కాదంటే వేసవి ఎండల్లో పసిపిల్లని తీసుకెళ్లలేరు, మళ్లీ వానలు పడ్డాకే. అప్పటికి ఆ పిల్ల తండ్రిని ఇంకెంత మరిచిపోతుందో.

వెళ్లాలా, ఆగాలా? నిర్ణయం క్రిస్టినాది. ఫిలిప్ ఫోనులో నీ ఇష్టం అన్నాడు. ధనమ్మ నీ ఇష్టం అంది. అందరూ ఆమె ఇష్టానికి వదిలేసిన ఆ ఇష్టం మాత్రం పెరట్లో ట్రైలరు చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది.

ట్రైలరు అంటే చాలా చిన్నది. రెండు చక్రాలు, ఒక ఇనప తొట్టి, ముందుకి చాచిన ఒక ఇనప దండెం, దాని కొసన కొక్కెం. పాత జీపు ఇరుసు తీసుకుని గుడివాడలో వీరాంజనేయులు అనే ఆయన తన షెడ్డులో తయారుచేసి ఇచ్చాడు. ధనమ్మ దాన్ని తోకబండి అంటుంది. చర్చి సభలకు మైకు సెట్టు, షామియానా గుడ్డలు, పెళ్లిళ్లకు గిన్నెలు, క్రిస్మస్‌కి వెదురు నక్షత్రం, ఇవీ దాని మోతలు. దివిసీమ కరకట్టల మీద, కాలవగట్ల మీద అది తిరగని ఊరు లేదు. కానీ బెజవాడ దాటింది మాత్రం ఎన్నడూ లేదు.

దాని యజమానీ అంతే. రాజారత్నం పుట్టి పెరిగింది ఎడ్లబళ్ల దగ్గర. వాళ్ల నాన్న ఘంటసాల వైపు ఒక పెద్ద రైతు బళ్లు తోలేవాడు. కోతలయ్యాక ధాన్యం బస్తాలు గుడివాడ మిల్లులకు వెళ్లేవి. చిన్న రత్నాన్ని బస్తాల మీద కూర్చోబెట్టేవారు, ఊరికే కాదు. బండి ముందుకి బరువు దిగితే "వెనక్కి జరగరా" అనేవాడు తండ్రి. వెనక్కి దిగితే "ముందుకి రారా" అనేవాడు. ఆ బండికి వాడే తూకపురాయి. బయల్దేరబోయే ముందు తండ్రి ఎద్దు మెడకీ కాడికీ మధ్య వేళ్లు దూర్చి చూసేవాడు. వేళ్లు సులువుగా దూరితేనే బండి కదిలేది. దూరకపోతే బస్తాలు దించి మళ్లీ సర్దేవాడు. ఎవరైనా తొందరపెడితే ఒకటే అనేవాడు: "నోరు లేనిదాని మెడ మీద కూచుని తిన్న అన్నం అరగదు."

పెద్దయ్యాక రాజారత్నం ఒక మిషన్ ఆసుపత్రిలో జీపు డ్రైవరు అయ్యాడు. కాన్పు కష్టమైన ఆడవాళ్లని బురద దారుల్లో, దిగే దారి తెలియని గట్ల మీద ఆసుపత్రికి చేర్చేవాడు. ఆగలేక ఆ జీపులోనే పుట్టిన పిల్లలున్నారు. వాళ్లు ఎదిగి సంతలో కనిపిస్తే ఆయన "మా జీపు సరుకు" అని పరిచయం చేస్తాడు. ఆసుపత్రి ఆ పాత జీపుని అమ్మేస్తే తానే కొనుక్కున్నాడు. కోపం తెలియని మనిషి. ధనమ్మ కోపం కూడా ఆయనకి పాటలా వినిపిస్తుందని చుట్టాలు అంటారు.

తోకబండిని సిద్ధం చేయడం పెరట్లో పండగలా సాగింది. ఆయన చక్రాలు ఊడదీసి, బేరింగులు కిరోసిన్లో కడిగి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నాడు. అరచేతిలో గ్రీజు వేసుకుని వాటిలోకి ఎక్కించాడు.

"ఏనాడైనా నాకు ఆవకాయ ఇంత శ్రద్ధగా కలిపిపెట్టావా?" అంది ధనమ్మ.

"ఆవకాయకి చక్రాలుంటే కలిపేవాణ్ణే."

కుదుపులు ఆపే కమాను కట్టలో ఒక ఉక్కు బద్ద పగిలి ఉందని క్రిస్టినాయే కనిపెట్టింది. ఆయన మెచ్చుకుని మార్పించాడు. ఎర్రలైట్లు కావాలంది, పెట్టించాడు. ఆయన బ్రేకు తొక్కుతుంటే ఆమె వెనక నిలబడి "వెలిగిందండీ", "ఎడమది వెలగలేదండీ" అని కేకలేసేది. గొలుసు ఒకటి కాదు, రెండు వేశాడు. "ఒకటి కొక్కేనికి, ఒకటి నీ భయానికి," అన్నాడు.

తర్వాత సామాను. గడ్డివాములోంచి కొత్తగడ్డి తెచ్చి తొట్టిలో మందంగా పరిచి, దానిమీద ఎక్కి తొక్కి, గోనెలు పరిచాడు. కుట్టుమిషను, క్రిస్టినా పుస్తకాల ట్రంకుపెట్టె, గిన్నెల బస్తా, ఫిలిప్ పాత ప్యాంట్లలో చుట్టిన పచ్చడి జాడీలు, మూడు బస్తాల బియ్యం. ఆ ఊరి బియ్యం ఎలా ఉంటాయో ఏమోనని ధనమ్మ దిగులు. చివరికి రుబ్బురోలు దగ్గర గొడవయింది.

"గ్రైండరు కొనుక్కుంటాం అత్తయ్యా. ఇంత రాయి ఎందుకండీ?"

"అక్కడ కరెంటు ఉంటదో లేదో! గారెలు తినాలనిపిస్తే పిండి పళ్లతో రుబ్బుతావా? పెట్టవయ్యా, నువ్వు పెట్టు."

ఇద్దరు మనుషుల సాయంతో రోలు తొట్టి వెనక కొసకి చేరింది. బియ్యం బస్తాలూ ఇరుసుకి వెనకే పడ్డాయి. తేలిక సామాను ముందుకి వచ్చింది. పట్టా కప్పి, మోకు బిగించి, రాజారత్నం దండెం దగ్గరకి వచ్చాడు. చూపుడువేలు ఒక్కటి కొక్కెం కింద పెట్టి పైకి లేపాడు. అంత బండీ ముక్కు ఎత్తుకుని లేచింది, తోటకూర కాడ లేచినంత సులువుగా.

"చూశావా! జీపుకి తన వెనకాల బండి ఉందనే తెలీదు," అన్నాడు, కళ్లు మెరుస్తుంటే.

క్రిస్టినా నిజంగానే చప్పట్లు కొట్టింది. ఆ వారంలో ఆమెకి భయం లేకుండా గడిచిన క్షణం అదొక్కటే. బ్లెస్సీ కూడా వచ్చి, తాత వేలు పట్టుకుని తనూ లేపానని గంతులేసింది.

అయినా మర్నాటికి ఆమె మనసు మళ్లీ మొదటికే వచ్చింది. "బ్లెస్సీ లేకుండా ఒకసారి, ఈ బరువుతోనే, గుడివాడ దాకా వెళ్లొద్దామండీ. వీరాంజనేయులు గారికి చూపించినట్టూ ఉంటుంది."

"పెళ్లికి ముందు కాపరం చేసి చూస్తానంటోంది నీ కోడలు," అంది ధనమ్మ.

"మంచిదేగా. మనకి ఆ వీలు లేకపోయింది," అని రాజారత్నం జీపు ఎక్కాడు.

బిడ్డని ధనమ్మ చేతికిచ్చి ఇద్దరూ బయల్దేరారు. కూచిపూడి, మొవ్వ దాటేదాకా దారి గతుకులు. ఆయన నెమ్మదిగా తోలాడు, బండి వెనక బుద్ధిగా వచ్చింది. క్రిస్టినా కొక్కెం వైపు చూస్తూనే ఉంది. కొక్కెం కదల్లేదు. పామర్రు దాటాక గుడివాడ రోడ్డు నున్నగా, తిన్నగా ఉంది. ఒక పక్క కాలవ, ఒక పక్క మినుపచేలు. "సింధనూరు దారిలో ఈ మాత్రం తోలాలి కదా, చూద్దాం," అని ఆయన వేగం పెంచాడు.

ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. పక్కనుంచి హోరుమని దూసుకుపోయింది. ఆ గాలికి తోకబండి కొంచెం ఎడమకి ఒరిగింది. తిరిగి వచ్చేటప్పుడు నడుమన ఆగలేదు, కుడికి పోయింది. మళ్లీ ఎడమకి, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. చూస్తుండగానే ఈగలు తోలుకునే గేదె తోకలా కొట్టుకోవడం మొదలైంది. జీపు వెనకభాగాన్ని కూడా తనతో పాటు ఈడుస్తోంది. క్రిస్టినా వైపు కిటికీలో కాలవ దగ్గరికి వస్తోంది, దూరమవుతోంది, మళ్లీ దగ్గరికి వస్తోంది.

రాజారత్నం స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. బ్రేకు జోలికి పోలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు, అంతే. జీపు తనంతట తాను నెమ్మదించింది. బండి ఊపు తగ్గి, తగ్గి, చివరికి ఏమీ ఎరగనట్టు వెనక నిలబడింది. ఆయన రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

కాసేపు ఇద్దరూ దిగలేదు. కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

"జీపులో బిడ్డ లేదు," అంది క్రిస్టినా.

"లేదమ్మా," అన్నాడు ఆయన.

దిగి ముందు కొక్కెం చూశాడు. చెక్కు చెదరలేదు. గొలుసులు రెండూ ఉన్నాయి. చక్రాలు ఊపి చూశాడు. మోకులు బిగువుగానే ఉన్నాయి. ఇంటి దగ్గర ఆమె అడిగినవన్నీ, ఆయన బిగించినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మరి ఏమైనట్టు? ఆయన కొక్కెం విడదీసి, అలవాటుగా వేలు పెట్టి లేపాడు. బండి తేలిగ్గా లేచింది. ఈసారి ఆ ముఖంలో మెరుపు లేదు. లేపిన వేలు అలాగే ఉంచి చాలాసేపు దానివంకే చూశాడు.

"మావయ్యా," అంది క్రిస్టినా, తన మాట మీద తనకే నమ్మకం చాలనట్టు. "తేలిగ్గా లేవడమే తప్పేమోనండీ. బరువంతా ఇరుసుకి వెనక ఉంది. ముందు పట్టు లేదు. వెనక రోలు ఒకసారి పక్కకి ఊగిందంటే, దాన్ని ఆపే బరువు జీపు మీద లేదు."

ఆయన దండెం కిందికి దించాడు. పక్కనే గట్టు మీద కూర్చున్నాడు.

"ఎద్దు మెడ గుర్తు పెట్టుకుని కట్టానమ్మా," అన్నాడు. "కాడి మీద బరువు పడకూడదు, పడకూడదు... ఆ మాటే చేతుల్లో ఉండిపోయింది. జీపుకి మెడ నొప్పేంటి! ఇన్నాళ్లూ గుడ్డలూ మైకులూ మోసింది, గట్ల మీద మెల్లగా నడిచింది. అందుకని బయటపడలా."

"నేను గురుత్వ కేంద్రం పాఠం చెప్పేదాన్నండీ. మీరు వేలితో లేపితే చప్పట్లు కొట్టాను."

ఆయన తలెత్తి ఆమెని చూశాడు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు ఆగాక క్రిస్టినా కూడా గట్టు మీద కూర్చుంది. ఆయన జీపులోంచి నీళ్లసీసా తెచ్చి ఇచ్చి, ఆమె తాగేదాకా అవతలి గట్టు చూస్తూ నిలబడ్డాడు.

గుడివాడ దాకా పాకినట్టు నడిపించాడు. వీరాంజనేయులు సంగతి విని, తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నుదురు కొట్టుకున్నాడు.

"రత్నం బావా! నేను నీకు బండి చేసిచ్చాను గానీ ఎడ్లు ఇచ్చానా? ఎవరి మెడ మీద జాలి నీకు?"

"అను బావా. అనే హక్కు ఉంది నీకు. ముందు ఈ రోలు లేపు."

షెడ్డు మనుషులు తలో చెయ్యి వేశారు. రోలూ బస్తాలూ ఇరుసు దాటి ముందుకి వచ్చాయి, ట్రంకుపెట్టె వాటి పక్కకి చేరింది, తేలిక సామాను వెనక్కి పోయింది. అంతా అయ్యాక క్రిస్టినా దండెం రెండు చేతులతో పట్టుకుని లేపబోయింది. లేవలేదు. వీరాంజనేయులు కూడా పట్టుకుంటే అప్పుడు లేచింది.

"ఇదీ బండి అంటే. జీపు నడ్డి మీద కొంచెం కూచోవాలి," అన్నాడు అతను. "మరీ ఎక్కువ కూచున్నా తప్పే. ముక్కు పైకి లేచిన జీపు మాట వినదు."

తిరిగి వచ్చేటప్పుడు అదే దారిలో, అదే వేగంతో తోలాడు. లారీ ఒకటి ఎదురొచ్చి గాలి కొట్టింది. తోకబండి కొంచెం అదిరి, అక్కడే కుదురుకుంది.

ఇంటికి రాగానే దాచకుండా ధనమ్మకి ఆయనే చెప్పేశాడు. "నీ రోలు ఇవాళ మమ్మల్ని కాలవలో దించేది ధనం."

ధనమ్మ చంకలో బ్లెస్సీ ఉంది. ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే కూడదీసుకుని, "రోలుకేం తెలుసు? పెట్టినోడికి తెలియొద్దూ!" అంది. బిడ్డని మాత్రం ఇంకొంచెం దగ్గరికి అదుముకుంది.

రాజారత్నం కాళ్లు కడుక్కుని వచ్చి క్రిస్టినా ఎదురుగా కూర్చున్నాడు.

"చూడమ్మా. తప్పు నాది. నీ మనసు ఒప్పకపోతే రావద్దు. సామాను నేను దించి వస్తాను. ఫిలిప్‌కి నేనే చెప్తాను, నీ మీదికి మాట రానివ్వను."

క్రిస్టినా లేచి ధనమ్మ దగ్గర బ్లెస్సీని అందుకుంది. ఆ సాయంత్రమంతా ఆమె కళ్ల ముందు కాలవ దగ్గరికి వస్తూ, దూరమవుతూ ఉంది. తన పక్క సీట్లో బ్లెస్సీ ఉన్నట్టు ఊహించుకుంది. ఊహించుకోకుండా ఉండడం ఆమెకి చేతకాదు. తండ్రి ఫోటోకి ముద్దుపెట్టి పడుకున్న పిల్లని చూసి, వెళ్లొద్దు అనుకుంది. ఆ ఫోటోనే చూసి, వెళ్లాలి అనుకుంది.

తెల్లారి పెరట్లో అలికిడికి బయటికి వచ్చింది. రాజారత్నం మోకులన్నీ విప్పేసి, సామానంతా కిందికి దించేసి ఉన్నాడు. గడ్డి కూడా ఎత్తి అవతల వేశాడు. తొట్టి ఖాళీగా ఉంది.

"అదేంటండీ! నిన్న బాగానే వచ్చింది కదా?"

"బాగానే వచ్చింది. కానీ నిన్నటిది కంగారులో సర్దిన సర్దుడు. కంగారులో కట్టిన మోకుతో ఘాటు రోడ్డు ఎక్కకూడదు." ఆయన గడ్డి మళ్లీ పరవసాగాడు. "నీకు వీలుంటే ఇటు రా. ఏది ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పు, ఎలా కట్టాలో నేను చూస్తా."

అన్నీ కిందనుంచి మొదలయ్యాయి. ఆమె ఇరుసు ఎక్కడుందో తొట్టి అంచున సుద్దతో గీత గీసింది. రోలు దగ్గర ఆయన ఒక మాట, ఆమె ఒక మాట అనుకున్నారు. జాడీలు మధ్యలో ఉండాలని ఆయన, పక్కన ఉంటే చాలని ఆమె. ఆయనే గెలిచాడు. కుట్టుమిషను కాళ్లు పైకి ఉండాలని ఆమె అంది. అందులో ఆమె గెలిచింది. ధనమ్మ ఇద్దరికీ అట్లు తెచ్చి, "ఇద్దరూ కలిసి ఇల్లు కడుతున్నారా, బండి కడుతున్నారా?" అంది. చివర్న ఆయన దండెం ఆమెకి చూపించాడు. ఆమె లేపబోయింది. లేవలేదు. ఆయన కూడా వచ్చి పట్టుకుంటే, ఇద్దరికీ సరిపడా బరువుతో లేచింది.

క్రిస్టినా చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది. బ్లెస్సీ దుప్పటి, పాలసీసా, చిన్న తలగడ తెచ్చి జీపు వెనక సీట్లో పెట్టింది. ధనమ్మ లోపలికి పోయి తన చీరలు సర్దుకుంది. అప్పటిదాకా తాను కూడా వస్తానని ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజుల ప్రయాణం. నరసరావుపేటలో టిఫిను, వినుకొండలో టీ. ఎక్కడ ఆగినా రాజారత్నం టీ గ్లాసు పట్టుకునే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. చక్రం నడిమి గుబ్బ మీద అరచెయ్యి వెనక వైపు ఆనించి బేరింగు వేడెక్కిందేమో చూసేవాడు. మోకు లాగి చూసేవాడు. కొక్కెం పిన్ను తాకేవాడు. తర్వాత టీ తాగేవాడు. ఆ టీ తాగినంతసేపూ లోకంలో ఆయనకి ఇంకే పనీ లేనట్టు ఉండేది.

రాత్రికి గిద్దలూరులో తెలిసిన పాస్టరుగారింట ఆగి, పొద్దున్నే నల్లమల ఘాటు ఎక్కారు. కృష్ణా జిల్లా చదునులో పుట్టినవాళ్లకి రోడ్డు అలా ఆకాశం వైపు లేవడం వింత. ధనమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని కీర్తన అందుకుంది. బ్లెస్సీ ఆమె ఒడిలో నిద్రపోతోంది. క్రిస్టినా ముందు సీట్లో మెడ వెనక్కి తిప్పి కూర్చుంది. మలుపు మలుపుకీ తోకబండి కనిపిస్తోందా, గొలుసు ఉందా, మోకు జారిందా! దారి పొడవునా ఆమె చూసింది వెనకే. మధ్యలో ఎక్కడో కళ్లు తెరిచిన ధనమ్మ జింక అడ్డొచ్చిందని కీర్తన ఆపి కేకేసినా ఆమె తిరగలేదు.

ఒక విశాలమైన మలుపులో, లారీలు ఆగేచోట, రాజారత్నం జీపు పక్కకి తీసి ఆపాడు.

"ఏమైందండీ?" క్రిస్టినా అప్పటికే తలుపు తీసింది.

"ఏమీ కాలేదు. దిగు."

ఆమెని వెంటబెట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. ఆమె చెయ్యి పట్టుకుని చక్రం గుబ్బ మీద పెట్టాడు. గోరువెచ్చగా ఉంది, అంతే. మోకు లాగించాడు. పిన్ను తాకించాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా వాళ్లు సింధనూరు చేరారు. ఫిలిప్ రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డాడు. బ్లెస్సీ ముందు ధనమ్మ కొంగు పట్టుకుంది. రోలు దించుతూ తండ్రి కాలి మీద వేసుకోబోయి గంతులేస్తే కిలకిలా నవ్వింది. రాత్రికి అతని వీపు మీద ఎక్కింది. ఇప్పుడు ఆ పిల్ల క్యాంపులో బడికి వెళ్తోంది, కన్నడంలో కూడా పోట్లాడుతుంది. బడి రిక్షా గుమ్మంలో ఆగి ఉన్నంతసేపూ క్రిస్టినా పిల్ల నుదురు తాకి చూస్తుంది, బూటు తాడు లాగి చూస్తుంది, నీళ్లసీసా మూత తిప్పి చూస్తుంది, రిక్షా వెనక కడ్డీ కొక్కెం తగిలించి ఉందో లేదో చూస్తుంది. రిక్షా కదలగానే లోపలికి వచ్చి తన పని చూసుకుంటుంది. ఇది ఆమెకి ఒక్క రోజులో రాలేదు. మొదట్లో వీధి చివరిదాకా పరిగెత్తేది. అప్పుడు నల్లమల ఘాటులో, తన చెయ్యి ఇంకా కొక్కెం పిన్ను మీదే ఉండగా రాజారత్నం మావయ్య అన్నది తలుచుకునేది:

"ఆగినప్పుడు నీ ఇష్టం వచ్చినంతసేపు తడిమి చూసుకో అమ్మా, ఎవరూ తొందరపెట్టరు. కదిలాక మాత్రం ముందుకి చూడు."